తుప్పు నేర్పు పాఠము

మూలపడిన పాత కారు ఒకటి ఏ పట్టణమున వెదకినను కనిపించును. టైర్లు నేలకు అణగిపోయి, అద్దములపై దుమ్ము పేరుకొని, తలుపుల అడుగున రేకు జల్లెడవలె నుండును. పాత ఇనుము కొనువానికి అది తూకమునకు వచ్చు సరుకు మాత్రమే. కాని తెలిసికొనవలెనను కోరిక గల విద్యార్థికిని, వాని ప్రక్కన నిలుచు ఓపిక గల పెద్దకును అది రెండు మూడేండ్లు చదువదగిన గ్రంథము. అట్టి బండిని ఇంటివద్దనే విప్పి, శుభ్రపరచి, మరల కూర్చి నడిపించుట అనేక దేశములలో ప్రీతిపాత్రమైన వ్యాపకము. అది విద్యాసాధనము కూడ కాగలదా యన్నదే ఇచ్చట మన ప్రశ్న.

మన దేశమున ఈ పనికి మిక్కిలి అనువైనది అంబాసిడరు కారు. ఇంగ్లండునందలి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారును మాతృకగా గొని, హిందుస్థాన్ మోటార్స్ వారు పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో దీనిని 1950ల చివరినుండి 2014 వరకు తయారుచేసిరి. అన్ని యేండ్లలోను పైరూపము పెద్దగా మారలేదు. 1960, 1970 దశకముల నాటి బండ్లలో కంప్యూటరు లేదు. ముందరి మూత ఎత్తినచో ముఖ్యభాగములన్నియు కంటికి కనిపించును, పానాకు అందును. యంత్రము తన రహస్యమును దాచుకొనదు. పాఠము చెప్పుటకు ఇంతకన్న ఏమి కావలెను?

మొదటి పాఠము తుప్పే. తుప్పు మురికి కాదు, ఒక రసాయన క్రియ. ఇనుము, నీరు, ఆమ్లజని మూడును కలిసినగాని అది పుట్టదు. రేకుపై నిలిచిన నీటిబొట్టు ఒక చిన్న విద్యుద్ఘటము. దాని క్రింద ఒకచోట ఇనుము ఎలక్ట్రానులను విడిచి కరగును. మరియొకచోట ఆమ్లజని వానిని గ్రహించును. నీటిలో ఉప్పు చేరినచో విద్యుత్తు సులభముగ ప్రవహించును. సముద్రపు గాలి తగులు విశాఖపట్నములో బండ్లు అనంతపురములోకంటె త్వరగా తుప్పు పట్టుటకు ఇదియే కారణము. తుప్పు తాను తినిన ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించును. కనుకనే అది లోపలినుండి ఉబ్బి, రంగును పొక్కులుగా లేపును. రంగుపై చిన్న పొక్కు కనిపించు నాటికి లోపల పెద్ద నష్టమే జరిగియుండవచ్చును.

ఢిల్లీలో కుతుబ్ మినారు చెంతనున్న ఇనుపస్తంభము పదునారు శతాబ్దములుగా ఎండవానలకు నిలిచియున్నది. అందలి ఇనుములో భాస్వరము పాలు ఎక్కువగా నుండుటచే, ఉపరితలమున రక్షణనిచ్చు పలుచని పొర ఏర్పడినదని లోహశాస్త్రజ్ఞులు చూపిరి. నేడు తుప్పును అణచుటకు పూయు ఫాస్ఫారిక్ ఆమ్లపు ద్రవములలో పనిచేయునదియు ఆ భాస్వరమే. చరిత్ర పాఠమును రసాయన పాఠమును ఒక రేకుముక్కపై కలిసికొన్నవి!

విద్యుత్తువలన వచ్చిన దానిని విద్యుత్తుతోనే పోగొట్టవచ్చును. చాకలి సోడా కలిపిన నీటిని ప్లాస్టిక్ తొట్టిలో పోసి, తుప్పు పట్టిన చిన్న భాగమును 12 వోల్టుల చార్జరు యొక్క ఋణధ్రువమునకు, పనికిరాని ఇనుపముక్కను ధనధ్రువమునకు కలిపి అందుంచినచో, కొన్ని గంటలలో తుప్పు వదులై బ్రష్షుతో రాలిపోవును. అయితే ధనధ్రువమునకు స్టెయిన్‌లెస్ స్టీలు వాడరాదు. విషపూరితమైన క్రోమియము లవణములు పుట్టును. ఉదజని వెలువడును గనుక ఈ పని ఆరుబయటనే, నిప్పునకు దూరముగా, పెద్దల యెదుట జరుగవలెను.

గణితమునకును ఇందు చోటు కలదు. ఆనాటి అంబాసిడరు ఇంజనులో నాలుగు సిలిండర్లు. ఒక్కొక్కదాని వ్యాసము 73.025 మిల్లీమీటర్లు, పిస్టను కదలు దూరము 88.9 మిల్లీమీటర్లు. అడుగు వైశాల్యము సుమారు 41.88 చదరపు సెంటీమీటర్లు, దానిని 8.89తో గుణింపగా 372.3, నాలుగింటికి 1489 ఘన సెంటీమీటర్లు. ఇంజను పరిమాణముగా పుస్తకములలో ముద్రించిన సంఖ్య ఇదియే. స్తూపపు ఘనపరిమాణ సూత్రమును నల్లబల్లపై పదిమారులు వ్రాసిన విద్యార్థి, తన చేతి కొలతనుండి ఆ సంఖ్య పుట్టగా చూచిననాడు దానిని మరువడు. కొలత కొంచెము ఎక్కువ వచ్చినచో లెక్క తప్పనుకొనరాదు, సిలిండరు అరిగియుండవచ్చును. అంతరము కూడ ఒక వార్తయే.

ఇక యంత్రమునకు మొగమాటము లేదు. ఈ ఇంజనులో సిలిండర్లు మండవలసిన వరుస 1, 3, 4, 2. స్పార్కు ప్లగ్గుల తీగలను 1, 2, 3, 4 అని తగిలించినచో ఇంజను సరిగా నడువదు. దానిని బతిమాలి మార్కులు వేయించుకొనుట సాధ్యము కాదు. విప్పిన ప్రతి బోల్టును పేరు వ్రాసిన డబ్బాలో వేయుట, విప్పకముందు బొమ్మ గీసికొనుట, క్రమము తప్పకుండుట ఇక్కడ ఉపదేశములు కావు, అవసరములు.

అన్నిటికంటె పెద్ద పాఠము గుమ్మముల వద్ద నున్నది. అంబాసిడరుకు వేరుగా చట్రము లేదు. రేకుతో కట్టిన ఒడలే బరువును మోయును. తలుపుల క్రింది గుమ్మపు రేకు తిన్నచో బండి బలమే తగ్గును. ఆ రంధ్రమును పుట్టీతో పూడ్చి రంగు పూయవచ్చును. చూచుటకు అందముగనే యుండును. కాని నిజమైన మరమ్మతు వేరు: గట్టి ఇనుము తగులువరకు కోసి, క్రొత్త రేకును అతుకవలెను. బట్టీపట్టి పరీక్ష గట్టెక్కిన చదువునకును, మూలమునుండి తెలిసికొన్న చదువునకును గల భేదము ఇదియే.

ఈ అతుకు పని నేర్చిన మేస్త్రీ చేతనే జరుగవలెను; బ్రేకులు కూడ అంతే. జాకీ ఒక్కదానిని నమ్మి బండి క్రింద దూరరాదు. గట్టి స్టాండ్లు వేయవలెను. పాత బ్రేకు లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండును గనుక ఆ ధూళిని ఊదరాదు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారము, 50 ఏండ్లు దాటి మూలరూపము చెడని బండిని వింటేజి వాహనముగా నమోదు చేయింపవచ్చును. అట్టి దానిని నిత్యోపయోగమునకు నడుపరాదు.

మేస్త్రీ వద్దకు పోవుట లోపము కాదు, విద్యలో భాగము. ఇంజను చప్పుడు విని ఏ వాల్వు వదులైనదో చెప్పగల వానిని మన సమాజము చదువుకొన్న వానిగా లెక్కింపదు. 1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించి, జాకిర్ హుస్సేన్ సంఘము రూపొందించిన బేసిక్ విద్య ఈ గోడనే పడగొట్టదలచినది. చేతిపని చదువునకు తోక కాదు, చదువు సాగవలసిన మార్గమని దాని సారాంశము. ఆ ప్రణాళిక మన బడులలో నిలువలేదు. గోడ మాత్రము నిలిచినది. చేతికి మసి అంటిన విద్యార్థి మేస్త్రీని "గురువుగారూ" అని పిలిచిన దినమున అందొక ఇటుక రాలును.

కారు కొనుటకు అందరికిని శక్తి యుండదు. పాత సైకిలు గాని, పొలములో మూలబడిన ఆయిలింజను గాని చాలును. తుప్పు అంతటను ఒక్కటే, దాని నియమములును ఒక్కటే. ఉపాధ్యాయులు ఈ వేసవిలో అట్టి దానినొకదానిని బడికి తెప్పించి, మొదటి బోల్టును ఒక విద్యార్థి చేతనే విప్పింతురు గాక!