పేరు పెడనది, బేరం పరులది

పట్నం దుకాణం నుంచి వారపు సంత దాకా ఇప్పుడు ఎక్కడ చూసినా కలంకారీయే. చీరలు, జాకెట్లు, దుప్పట్లు, చేతిసంచులు అన్నిటి మీదా ఆ తీగెలు, ఆ నెమళ్లే. అయితే ఆ పేరుతో అమ్ముడయ్యే గుడ్డలో చాలా భాగం పెడన ముఖం చూసింది కాదు. ఎక్కడో మిల్లులో యంత్రం మీద అచ్చయి వచ్చిన సరుకు అది.

బందరు పక్కనున్న పెడనలో పాత పద్ధతిన గుడ్డ అద్దాలంటే రోజుల తరబడి పని. ముందు గంజి వదిలేలా ఉతుకుతారు. కరక్కాయ రసంలో నానవేసి ఆరబెడతారు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో పులియబెట్టి నల్లరంగు తీస్తారు. ఎరుపు కావలసినచోట టేకు అచ్చుతో పటిక అద్దుతారు. పారే కాలువలో జాడించి, రంగునిచ్చే వేళ్లు, చెక్కలు వేసి కాగులో ఉడికిస్తే పటిక అంటినచోటే ఎరుపు పట్టుకుంటుంది. తరువాత ఎంత ఉతికినా వదలదు.

రహస్యం సముద్రం దాటింది

నూలుగుడ్డ మీద రంగు ఇలా నిలబెట్టడం ఆనాడు ఐరోపా వారికి చేతకాలేదు. 17వ శతాబ్దంలో డచ్చివారు, ఇంగ్లీషువారు బందరులో కొట్లు పెట్టి మన చీటిగుడ్డలను ఓడల్లో తరలించారు. అక్కడి జనం వాటి కోసం ఎగబడ్డారు. తమ నేతపని దెబ్బ తింటున్నదని 1686లో ఫ్రాన్సు వీటిని నిషేధించింది. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, 1721లో మరొక చట్టం తెచ్చింది.

అమ్మకాన్ని ఆపినవారు విద్యను మాత్రం వదలలేదు. కేర్దూ అనే ఫ్రెంచి మతగురువు తెలుగు నేర్చిన పండితుడు, తెలుగు నిఘంటువు కూర్చినవాడు. కోరమాండల్ తీరంలో అద్దకం తెలిసిన క్రైస్తవుల నుంచి పని వివరాలన్నీ రాబట్టి 1742లో ఉత్తరంగా రాసి స్వదేశానికి పంపాడు. అక్కడి పరిశ్రమకు ఉపయోగపడాలన్నదే ఆయన ఉద్దేశం. ఆ ఉత్తరం అచ్చయింది. 1760లో పారిస్ దగ్గర జూయీ గ్రామంలో ఓబెర్‌కాంఫ్ పెద్ద అద్దకపు కర్మాగారం పెట్టాడు. ఆ తరువాత ఇంగ్లండులో యంత్రాలు వచ్చాయి. 19వ శతాబ్దానికి మిల్లు గుడ్డ మన సంతలకే వచ్చి మన అద్దకపువారి నోటి దగ్గర కూడు లాగేసింది. విద్య చెప్పినవారి పేర్లు మాత్రం లోకానికి తెలియవు.

ఇచ్చిపుచ్చుకోవడం తప్పు కాదు

ఒకరి కళను మరొకరు మెచ్చడం, వాడుకోవడం నేరమేమీ కాదు. కలంకారీ అన్న మాటే పారశీకం నుంచి వచ్చింది. పర్షియా వర్తకులు అడిగిన పూలు, డచ్చివారు పంపిన నమూనాలు మనవాళ్లు అద్ది ఇచ్చినవే. కాని అప్పుడు పని మన ఊళ్లలోనే జరిగింది. చేసినవాడిని పక్కకు నెట్టి, అతని పేరుతోనే సరుకు అమ్ముకోవడం దగ్గరే వస్తుంది చిక్కు.

అప్పుడు విద్య పోయింది, ఇప్పుడు పేరు పోతున్నది. అచ్చుతో ఒక్కొక్క గజమూ అద్దేవాడు యంత్రపు ధరకు ఇవ్వలేడు. ఇస్తే కూలి కూడా గిట్టదు. కొనేవారికి తేడా తెలియనప్పుడు చవకదే చెల్లుతుంది. పిల్లలు ఈ పని నేర్చుకోవడానికి వెనుకాడితే తప్పెవరిది?

చట్టం ఉంది, సరిపోదు

మచిలీపట్నం కలంకారీకి, కలంతో గీసే శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు లభించింది. 1999లో పార్లమెంటు చేసిన ఈ చట్టం 2003 నుంచి అమలులోకి వచ్చింది. ఇతర ప్రాంతాల సరుకును ఈ పేర్లతో అమ్మకూడదని దాని సారాంశం. అయితే ఫిర్యాదు చేసేవారుంటేనే చట్టం కదులుతుంది. రోజుకూలి మీద బతికే పనివాడు పెద్ద వర్తకుడి మీద కోర్టుకెక్కగలడా? పైగా ఇక్కడి గుర్తింపు దానంతటదే విదేశాల్లో చెల్లదు. సహకార సంఘాలు, ప్రభుత్వం వారి పక్షాన నిలబడాలి.

కొనేవారు చూడవలసినవి

చేత్తో అద్దిన గుడ్డలో అచ్చుకూ అచ్చుకూ మధ్య అతుకు దగ్గర కాస్త తేడా కనిపిస్తుంది. అది లోపం కాదు, మనిషి చెయ్యి పడిందనడానికి గుర్తు. ఈ చివర నుంచి ఆ చివర దాకా గీత పొల్లుపోకుండా ఉంటే అనుమానించాలి. మొక్కల రంగులు నలుపు, ఎరుపు, పసుపు, నీలం వంటివే. కళ్లు జిగేల్‌మనే గులాబీ రంగులు కనిపిస్తే అవి మందు రంగులే కావచ్చు. గుడ్డ నూలుదో కాదో కూడా చూసుకోవాలి.

ఎవరు అద్దారు, ఏ ఊళ్లో అద్దారు అని దుకాణదారును అడగడానికి ఖర్చు కాదు. పదిమంది అడిగితే పదకొండోవాడికి జవాబు చెప్పడానికైనా ఆయన పెడన దారి పడతాడు.