ట్రాక్టరు ట్రాలీ కుదుపు: కారణములు, నివారణోపాయములు

2019వ సంవత్సరము సెప్టెంబరులో ప్రారంభమైన పల్లెప్రగతి కార్యక్రమము క్రింద తెలంగాణ గ్రామపంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీటి ట్యాంకరు సమకూరినవి. పాల్వంచ చుట్టుపట్ల పల్లెలలో చెత్త యెత్తుటకును, మొక్కలకు నీరు పోయుటకును ఇవియే సాధనములు. ప్రజల సొమ్ముతో వచ్చిన ఈ బండి చిరకాలము మన్నవలెనన్నను, దానివలన ఎవరికిని హాని కలుగకుండవలెనన్నను పంచాయతీ సభ్యులు గమనింపవలసినది ట్రాక్టరునకును ట్రాలీకిని నడుమ పుట్టు కుదుపు.

కుదుపు ఎట్లు పుట్టును?

ట్రాక్టరు వెనుకనున్న హుక్కు, ట్రాలీ ముందున్న రింగు, రెంటిని కలుపు పిన్ను, ఈ మూడింటి నడుమ కొంత వదులుండును. బయలుదేరునపుడు ట్రాక్టరు ఆ వదులు మేరకు ముందుగా కదలి, పిమ్మట ట్రాలీని ఒక్కసారిగా లాగును. ఆగునపుడు ట్రాలీ తన వేగముతో వచ్చి ట్రాక్టరును వెనుకనుండి నెట్టును. ఈ లాగుడువలనను, నెట్టుడువలనను పిన్ను అరుగును, రింగు రంధ్రము పెద్దదగును. వదులు పెరిగిన కొలది కుదుపును పెరుగును. తుదకు పిన్ను విరిగినచో నిండు ట్రాలీ దారిని పోవువారిమీదికి దొర్లవచ్చును.

భారీ యంత్రములను మోయు పొడవైన ట్రైలరు లారీలను మనము రహదారులపై చూచుచున్నాము. వానిలో ట్రైలరు ముందుభాగము లారీపైనున్న పలకమీద ఆనియుండును. ఆ పలకను ఫిఫ్త్ వీల్, అనగా అయిదవ చక్రమందురు. పూర్వము గుఱ్ఱపుబండ్లలో ముందు ఇరుసు తిరుగుటకై అడ్డముగా అమర్చిన చక్రమునుబట్టి ఆ పేరు వచ్చినది. అచ్చట కూడ మేకు అరిగి వదులైన కుదుపు తప్పదు. చిన్న బండికైనను పెద్ద బండికైనను సూత్రమొక్కటే: కలయికలో వదులు మితిమీరరాదు, బరువు కదలరాదు.

బరువు నింపు విధము

ఎడ్లబండిలో బరువు వెనుకకు ఎక్కువైన కాడి పైకి లేచును, ముందుకు ఎక్కువైన ఎడ్ల మెడలు నలుగును. రెండు చక్రముల ట్రాలీ ధర్మమును అదియే. బరువులో అధికభాగము ఇరుసుపైనను, కొంత ముందువైపునను ఉండవలెను. వెనుకకు మొగ్గినచో ట్రాక్టరు వెనుక చక్రములకు పట్టు తగ్గును. ట్యాంకరు సగము నిండినపుడు నీరు ముందు వెనుకలకు ఊగి కుదుపును హెచ్చించును. కావున దానిని నింపియైనను, ఖాళీచేసియైనను నడుపుట మేలు. లోపల అడ్డుపలకలున్న ట్యాంకరులో ఈ ఊపు తగ్గును.

నడుపువాని కర్తవ్యము

క్లచ్చిని మెల్లగా వదలవలెను. అనేక ట్రాలీలకు వేరు బ్రేకులుండవు. అందుచే అడవిదారుల దిగుడులలో గేరు తీసి దొర్లింపక, ముందే తక్కువ గేరు వేసికొని దిగవలెను. రోడ్డుమీద రెండు బ్రేకు పెడళ్ళను కలిపి గొళ్ళెము వేయవలెను. విడిగా నొక్కినచో ట్రాక్టరు ఒక ప్రక్కకు తిరిగి బోల్తాపడవచ్చును. ట్రాలీని క్రిందనున్న హుక్కునకే తగిలింపవలెను. ఎత్తున తగిలించి లాగినచో ముందు చక్రములు లేచి ట్రాక్టరు నడుపువానిపై తిరుగబడు ప్రమాదము కలదు.

పంచాయతీ చేయవలసినది

నెలకొకసారి పిన్నును తీయించి చూడుడు. అరిగినదానిని వెంటనే మార్పింపుడు. పిన్నునకు బదులు చేతికందిన బోల్టునో, ఇనుప కడ్డీనో దూర్చనీయకుడు. పిన్ను ఊడకుండ క్లిప్పును, ఊడినను ట్రాలీ విడిపోకుండ గొలుసును అమర్పింపుడు. ఈ ఖర్చు స్వల్పము.

అన్నింటికన్న ముఖ్యమైన మాట మరియొకటి. మిరపకోతల కాలములో కూలీలు ట్రాలీలలో పోవుట మనకు తెలియనిది కాదు. 2018 ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లా వద్దిపట్లవద్ద అట్టి ట్రాక్టరు కాలువలో పడి పలువురు కూలిస్త్రీలు మరణించిరి. ట్రాలీ సరకునకే గాని మనుష్యులకు కాదు. అంచుమీద గాని, హుక్కువద్ద గాని కూర్చున్నవారిని ఒక్క కుదుపు చక్రముల క్రిందికి త్రోయగలదు. కనీసము పంచాయతీ ట్రాలీలో నైనను ఎవరిని ఎక్కింపరాదని గ్రామసభలో తీర్మానించి, దానిని ఖండితముగా అమలుజరుపుట సభ్యుల విధి.