కంప వేసిన ఊరు జ్వరం ఎందుకు దాచింది?

విత్తనాలు, ఎరువుల సంగతి చెప్పవలసిన విస్తరణాధికారి ఈ రోజు జ్వరాల సంగతి ఎత్తుకున్నాడేమిటని మీరు అనుకోవచ్చును. డాక్టరుగారు చెప్పవలసిన మాటలు నేను చెప్పను. అంటురోగం వచ్చినప్పుడు పెట్టే నియమాలను మనం ఎప్పుడు పాటిస్తాం, ఎప్పుడు తప్పించుకుంటాం, ఎందుకు? ఈ మాట మాత్రం, వడ్ల కొనుగోలు కేంద్రంలో నిలబడి చూసినవాణ్ణి కనుక, కొంత చెప్పగలను.

2020 మార్చి మాసం జ్ఞాపకం చేసుకోండి. 22వ తేదీన జనతా కర్ఫ్యూ, 25వ తేదీ నుండి దేశమంతటా లాక్‌డౌన్. అప్పటికి మన పల్లెలు చాలావాటిలో కరోనా రోగి ఒక్కడు కూడా లేడు. అయినా తెలంగాణలో ఎన్నో ఊళ్ళవాళ్ళు తమంతట తామే పొలిమేరలో తుమ్మకంప వేసి దారి మూసుకున్నారు. పట్నం నుండి వచ్చిన సొంతవాళ్ళను కూడా ఊరి బయటే నిలబెట్టారు. సర్కారు అడిగినదానికన్నా ఎక్కువే చేశారు. పల్లె జనానికి కట్టుబాటు తెలియదని మాట్లాడేవారు ఆ కంపను ఒకసారి తలచుకోవాలి.

మరుసటి ఏడు, 2021 ఏప్రిల్, మే మాసాల్లో రోగం రెండవసారి విరుచుకుపడింది. ఈసారి నిజంగానే పల్లెల్లో దూరింది. కాని పొలిమేరలో కంప లేదు. ఇంట్లో జ్వరం వుంటే "ఎండదెబ్బ" అన్నారు, "టైఫాయిడ్" అన్నారు. పరీక్షకు రమ్మంటే తలుపు వేసుకున్నారు. అదే ఊరు, అదే జనం. రోగాన్ని గురించి మునుపటికంటే ఎక్కువే తెలుసు. మరి తేడా ఎక్కడ వచ్చింది?

జనం విసిగిపోయారని కొందరన్నారు. అందులో కొంత నిజం వున్నది గాని, అదే అసలు కారణమని నేను అనుకోను. మొదటి ఏడు పెట్టుకున్న కంప బయటివాడికి అడ్డం. "వాడు ప్రమాదం, నేను కాదు" అనుకోవడం మనసుకు తేలిక. రెండవ ఏడు పాటించవలసిన నియమం వేరు. "ప్రమాదం నేనే కావచ్చు, నన్ను నేను మూసుకుని కూర్చోవాలి" అనాలి. ఆ మాట నోట రావడం కష్టం. వచ్చిన తరువాత దాని ఖర్చు భరించడం యింకా కష్టం. బ్రిటన్ దేశంలో కరోనా రోజుల్లో విచారించినవారికి కూడా ఇటువంటిదే కనపడింది. తక్కిన నియమాలను చాలామంది బాగానే పాటించారు. లక్షణాలు కనపడితే ఇల్లు కదలకూడదన్న నియమం దగ్గరే ఎక్కువమంది తప్పారు. కూలి పోతుందనీ, పిల్లలను చూసేవారు లేరనీ చెప్పుకున్నారు. మన కష్టానికీ వాళ్ళ కష్టానికీ పెద్ద తేడా లేదు.

ఇక నా సంగతి. 2020 యాసంగిలో టోకెన్ల వరుస కోసం సున్నంతో ఆరడుగుల దూరాన గుండ్రాలు గీయించాను. గంట తరువాత వచ్చి చూద్దును గదా, ఒక్కొక్క గుండ్రంలో ఒక్కొక్క చెప్పుల జత వున్నది. మనుషులందరూ వేపచెట్టు కింద ఒకరి భుజం ఒకరికి తగిలేటట్లు కూర్చుని వున్నారు! నాకు కోపం వచ్చింది, మందలించాను. ఒక పెద్దాయన నింపాదిగా "సారూ, గుండ్రం నీడల గీస్తే మేమే నిలబడేటోళ్ళం" అన్నాడు. పదకొండు గంటల ఎండ. నేను గీసింది బయట. వాళ్ళు తప్పించుకున్నది నియమాన్ని కాదు, ఎండను. మరునాడు పందిరి వేయించి, పూటకు ఇంతమంది అని పిలిచాం. మళ్ళీ మందలించే పని పడలేదు. (మందలించే మనిషి మాస్కు గడ్డం కింద వుంటే మాట చెల్లదని కూడా ఆ రోజే తెలిసింది. ఆ మాస్కు నాదే.)

2021లో జరిగినది ఇంత తేలికగా చెప్పలేను. ఒక రైతు వడ్లు కల్లంలో పోసి పన్నెండు దినాలైంది. తేమ పదిహేడు శాతానికి లోపు వస్తేనే కాంటా. ఎండబెట్టి, ఎగబోసి, సాయంత్రం పట్టాలు కప్పి కాపలా వున్నాడు. టోకెను వచ్చిన నాటికి ఒళ్ళు కాలిపోతున్నది. అయినా వచ్చాడు, కాంటా దగ్గర హమాలీలతో కలిసి బస్తాలు పట్టాడు. తరువాత అడిగితే, "టోకెను పోతే మళ్ళా ఎప్పుడొస్తదో? అటు మబ్బు పడుతున్నది" అన్నాడు. ఆయన కోలుకున్నాడు. బస్తాలు పట్టిన హమాలీలలో ఒకతను కోలుకోలేదు. రోగం అతనికి ఎవరి నుండి అంటినదో రుజువు చేయగలవారు లేరు. కాని వంతు తప్పినవాడు చివరకు పోవాలన్న నియమం పెట్టినది నేనే. రోగం వున్నవాడు ఇంట్లో వుండాలని ఒక కాగితం, రానివాడి వంతు పోతుందని మరొక కాగితం, రెండూ ఒకే గోడకు అంటించాను. రైతు రెండవదాన్ని పాటించాడు. పంట పోగొట్టుకోలేనివాడు మరేం చేస్తాడు?

బలవంతం పెట్టితే దాపరికం ఎంత పెరుగుతుందో పూనా పట్టణం ఏనాడో చూపించింది. 1897లో అక్కడ ప్లేగు చెలరేగితే, రాండ్ అనే అధికారి కింద సోల్జర్లు ఇల్లిల్లూ సోదా చేశారు. వంటింట్లో, పూజగదిలో జొరబడ్డారు. రోగులను ఆస్పత్రికి, ఇంటివారిని శిబిరాలకు తరలించారు. రోగిని వేరుపరచాలన్న ఉద్దేశం తప్పు కాదు. కాని జనం ప్లేగు కంటె సోదాకు ఎక్కువ భయపడి రోగులను దాచారు. ఆ కసి చివరకు జూన్ 22న రాండ్‌పై తుపాకీ పేలేదాకా పోయింది. అదే ఏడు జనవరిలో బొంబాయిలో హాఫ్కిన్ అనే శాస్త్రజ్ఞుడు తాను తయారుచేసిన ప్లేగు టీకాను ముందు తన ఒంటికే పొడిపించుకున్నాడు. చెప్పేవాడు ముందు తాను చేస్తే జనం చూస్తారు.

కోళ్ళు పెంచేవారికి ఈ లెక్క బాగా తెలుసు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్‌ఫ్లూ బయటపడినప్పుడు, రోగం తేలిన ఫారం చుట్టూ ఒక కిలోమీటరు మేర కట్టడి, పది కిలోమీటర్ల దాకా నిఘా పెట్టారు. మన దేశపు పద్ధతి ప్రకారం రోగం ఆపడానికి చంపించిన కోళ్ళకు పరిహారం వున్నది. అప్పటికే రోగంతో చచ్చినవాటికి లేదు. అంటే ముందుగా కబురు చెప్పినవాడికి కొంతైనా దక్కుతుంది, దాచినకొద్దీ పోతుంది. మనిషి మనసు తెలిసి రాసిన నియమమే. అయితే ఆ సొమ్ము ఆలస్యమైతే, లేదా మార్కెట్టు ధరకు చాలా తక్కువైతే, రైతు చచ్చిన కోళ్ళను రాత్రిపూట కాలువలో పారవేసే దారి వెతుక్కుంటాడు. అందుచేత సంచులు, సున్నంతోపాటు పరిహారం పట్టిక కూడా మొదటి రోజే పట్టుకుపొమ్మని నాతోటి ఉద్యోగులకు చెబుతుంటాను.

ఆ హమాలీ పోయిన తరువాత మా కేంద్రంలో నియమం మార్చాం. జ్వరం వున్నదని ఫోను చేసినవారి టోకెను అట్లాగే నిలుస్తుంది. పక్క కల్లం రైతు కాంటాకు నిలబడవచ్చు, పైసలు మాత్రం అసలు రైతు ఖాతాలోనే పడతాయి. కుప్ప మీద పట్టా కప్పేందుకు ఇద్దరు కుర్రవాళ్ళను ముందే అనుకున్నాం. మొదటి మూడు దినాలు ఒక్క ఫోనూ రాలేదు. ఎవరికీ నమ్మకం లేదు. నాలుగవ దినం ఒకామె ఫోను చేసింది. ఆమె వడ్లు ఆమె లేకుండానే కాంటా అయినవి. ఆ సంగతి సాయంత్రానికి ఊరంతా తెలిసింది. మరుసటి వారంలో తొమ్మిది ఫోన్లు వచ్చినవి.

మీరు పదిరోజులు గడప దాటకుండా వుండవలసి వస్తే బర్రె పాలు ఎవరు పిండుతారు? మడికి నీళ్ళు ఎవరు కడతారు? కాంటా దగ్గర ఎవరు నిలబడతారు? ఒంట్లో బాగున్న ఈ రోజునే ఒకరిని అడిగి వుంచుకోండి. వాళ్ళకూ అదే మాట యివ్వండి. విస్తరణ ఉద్యోగులు నియమం కాగితం గోడకు అంటించేముందు, దాని పక్కన అంతకుముందే అంటించిన కాగితాలు కూడా ఒకసారి చదవండి.