మగవారికి సలహా యన్న నింత వెఱపేల?

పెందుర్తిలో మా వీధి చివర నొక యిల్లాలు గలదు. ఆమె భర్త కర్మాగారములో మూడు షిఫ్టులలోను పనిచేయును. రాత్రి పనినుండి వచ్చి పగలెల్ల నిద్రించును. లేచిన పిదప నింట మాట యుండదు. ఉన్నచో నది కలహమే. ఒకనా డామె కన్నులు తుడుచుకొనుచు, “వదినగారూ, ‘మన సంగతి తెలిసినవారితో చెప్పుకొందము రండు’ అంటిని. ‘నాకేమైన పిచ్చి యెత్తినదా?’ యని కంచము విడిచి లేచిరి” అని చెప్పినది.

సోదరీమణులారా, ఈ మాట మీలో నెందఱు వినలేదు? విచిత్రమేమన, ఆయనయే క్రిందటి యేట తమ్ముని కాపురపు తగవునకై పదిమంది పెద్దమనుష్యుల నడుమ మూడుగంటలు కూర్చుండి వచ్చెను. అచట లేని సిగ్గు, తలుపు మూసిన గదిలో నొక్క మనిషి యెదుట నెందులకు? పంచాయితీలో నెదుటివారి తప్పు చెప్పిన చాలును, వినువారును మగవారే. సలహాదారు నెదుట నట్లు గాదు. తన యప్పు, తన యలసట, తన భయము తానే నోరు విప్పి చెప్పుకొనవలెను. “మగవాడవు, ఏడ్వకురా” యని పెంచిన తల్లులకును ఇందు భాగము గలదని నా యభిప్రాయము. కోపగింపకుడు.

కావుననే పలువురు మగవారు కోర్టు కాగితము వచ్చినపిమ్మటనే సలహాదారు మొగము చూతురు. 1984 నాటి కుటుంబ న్యాయస్థానముల చట్టము ననుసరించి న్యాయాధిపతి మొదట రాజీకి యత్నింపవలెను. అందులకు సలహాదారులును ఉందురు. ఇరువురిలో నొకరు కోరినను విచారణ రహస్యముగా జరుగును. విశాఖపట్టణమునను అట్టి న్యాయస్థానము గలదు. అయిన నేమి? అప్పటికే ఒకరిపై నొకరు వ్రాసిన నిందలు దస్త్రముల కెక్కియుండును.

భర్త కొట్టుచున్నచో మాత్రము సలహాకై కాచుకొని యుండరాదు. 2005 నాటి గృహహింస చట్టము రక్షణ నిచ్చును. 1987 నాటి చట్టముచే స్త్రీలకు, రాబడి యెంతయైనను, న్యాయసహాయ ముచితముగా లభించును.

మా పొరుగామె “మీరు మారవలెను” అనుట మానినది. “నాకు నిద్రపట్టుట లేదు, తోడు రండు” అని పట్టణమునకు తీసికొనిపోయినది. మొదటిసారి ఆయన వీధిలో టీ కొట్టుకడనే కూర్చుండెను. రెండవసారి వరండాదాక వచ్చెను. మూడవసారి లోపలికి వచ్చి, భార్యకంటె ముందుగా తానే రాత్రి షిఫ్టు సంగతి యెత్తినాడట.