క్వార్ట్జ్ లేని రాళ్లు చెప్పే కథ

కోల్‌కతాలోని మెటియాబ్రుజ్‌లో నేలను ఎంత తవ్వినా రాయి తగలదు. పేరులోనే మట్టి ఉంది: మట్టి బురుజు అని అర్థం. హుగ్లీ ఒడ్డున ఉన్న ఈ దర్జీల పేట కింద, నదులు తెచ్చి పోసిన ఒండ్రు కిలోమీటర్ల మందాన పేరుకుంది. కాబట్టి ఇక్కడి వంటింటి గట్టు మీద పరిచే ప్రతి రాతి పలకా ఎక్కడి నుంచో ప్రయాణం చేసి రావాల్సిందే. బంగారు చుక్కలున్న నల్ల పలకను చూపించి అడిగితే దుకాణంలో 'బ్లాక్ గెలాక్సీ గ్రానైట్' అంటారు. అది ఒంగోలు దగ్గరి చీమకుర్తి రాయి. వ్యాపారంలో గ్రానైటే గానీ భూగర్భ శాస్త్రం లెక్కలో అది గ్రానైట్ కాదు, గ్యాబ్రో.

మెరుగు పెడితే మెరిసే ప్రతి గట్టి రాయీ దుకాణానికి గ్రానైటే. శాస్త్రవేత్త మాత్రం ముందుగా క్వార్ట్జ్ ఉందా అని చూస్తాడు. క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ రెండూ దండిగా ఉంటే గ్రానైట్. క్షార లోహాలున్న ఫెల్డ్‌స్పార్ నిండుగా ఉండి, క్వార్ట్జ్ దాదాపు లేకపోతే సయనైట్. ఈజిప్టులోని అస్వాన్‌కు పాత పేరు సయీన్, దాని నుంచే ఈ మాట వచ్చింది. తమాషా ఏమిటంటే, నేటి వర్గీకరణ ప్రకారం అస్వాన్ రాయి గ్రానైట్! పేర్ల గందరగోళం మన దుకాణాలతో మొదలు కాలేదు.

చీమకుర్తి ఉన్న పాత ప్రకాశం జిల్లాలోనే ఏల్చూరు, పురిమెట్ల, ఉప్పలపాడు ఉన్నాయి. ఈ ప్రాంతాన్ని భూగర్భ శాస్త్రవేత్తలు 'ప్రకాశం క్షార శిలా మండలం' అంటారు. ఏల్చూరు సయనైట్‌లో క్వార్ట్జ్ లేకపోవడమే కాదు, క్వార్ట్జ్‌తో అసలు పొసగని నెఫెలిన్ అనే ఖనిజం ఉంది. ఒక సోడియం పరమాణువు సోడియం ఫెల్డ్‌స్పార్‌గా మారాలంటే మూడు సిలికాన్ పరమాణువులు కావాలి. నెఫెలిన్‌కు ఒక్కటి చాలు. ఇంట్లో బియ్యం తక్కువైతే అన్నం మానేసి జావ కాచుకున్నట్టు, సిలికా చాలని శిలాద్రవంలో సోడియం నెఫెలిన్‌తో సరిపెట్టుకుంటుంది. సిలికా మిగిలి ఉంటే ఆ నెఫెలినే ఫెల్డ్‌స్పార్‌గా మారిపోతుంది. అందుకే ఈ రెండూ ఒకే రాతిలో కుదురుగా కలిసి ఉండవు.

మరి సోడియం, పొటాషియం ఇంతగా ఎలా పోగుపడ్డాయి? పుల్ల ఐసు తిన్నవారికి ఇది తెలిసిన సంగతే. పీల్చగానే రంగూ తీపీ ముందు వచ్చేస్తాయి, పుల్లకు తెల్లటి ఐసు మిగులుతుంది. భూపటలం కింద ఉన్న మ్యాంటిల్‌లో రాయి ఒకటి రెండు శాతం మాత్రమే కరిగినప్పుడు కూడా, స్ఫటికాల్లో ఇమడలేని మూలకాలు ముందుగా ద్రవంలోకి జారుకుంటాయి. ఆ ద్రవం పైకి వచ్చి నెమ్మదిగా గడ్డకట్టేటప్పుడు కథ తిరగబడుతుంది. ఇనుము, మెగ్నీషియం ఉన్న స్ఫటికాలు ముందు విడిపోతాయి, క్షారాలు చివరి ద్రవంలో చిక్కబడతాయి. సయనైట్ చాలావరకు ఇలా మిగిలిన ద్రవమే.

ఇక్కడే నాకు బాగా నచ్చే సంగతి ఉంది. గడ్డకట్టే ద్రవానికి దారిలో ఒక మిట్ట అడ్డం వస్తుంది. ఫెల్డ్‌స్పార్ కూర్పు దగ్గర ద్రవీభవన ఉష్ణోగ్రత ఎక్కువ, అటూ ఇటూ తక్కువ. గుట్ట మీద పడ్డ వాన నీరు రెండు వైపులకు చీలినట్టు, సిలికా కాస్త ఎక్కువైన ద్రవం గ్రానైట్ వైపూ, కాస్త తక్కువైన ద్రవం నెఫెలిన్ సయనైట్ వైపూ జారుతుంది. చల్లబడటం ఒక్కటే దాన్ని అవతలి వైపుకు చేర్చలేదు. దారిలో భూపటలపు రాళ్లను కరిగించుకుంటే మాత్రం వాటిలోని సిలికా ద్రవాన్ని మిట్ట దాటించగలదు. క్షార గ్రానైట్, సయనైట్ ఒకేచోట పక్కపక్కన కనిపించడానికి ఇదొక కారణం. భూపటలమే కరిగి క్షార గ్రానైట్ పుట్టిన చోట్లూ ఉన్నాయి.

ఇలా కొద్దికొద్దిగా కరగడానికి ఖండం సాగి పలచబడే చోటు అనువైనది. నేటి తూర్పు ఆఫ్రికా చీలిక లోయ అలాంటిదే. ఏల్చూరు శిలల వయసు సుమారు 130 కోట్ల ఏళ్లు. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన సి. లీలానందం, కెవిన్ బర్క్ తదితరులు 2006లో ఒక వాదన ముందుకు తెచ్చారు. ఖండం చీలినప్పుడు పుట్టిన క్షార శిలలు, తర్వాత సముద్రం మూసుకుపోయి ఖండాలు ఢీకొన్నప్పుడు నలిగి రూపు మారతాయి. కనుక నలిగిన క్షార శిలల వరుస కనిపిస్తే అది పాత అతుకు కావచ్చు. తూర్పు కనుమల పడమటి అంచు వెంట, ప్రకాశం నుంచి ఒడిశా వరకు, అలాంటి వరుసే ఉంది. ఆ ఢీ ఎప్పుడు జరిగిందన్నది మాత్రం తేలలేదు. 100 కోట్ల ఏళ్ల కిందట అని కొందరు, 50 కోట్ల ఏళ్లే అని కొందరు.

2023 ఏప్రిల్‌లో సయనైట్ పత్రికలకెక్కింది. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు అనంతపురం జిల్లా దంచెర్ల, పెద్దవడుగూరు ప్రాంతాల సయనైట్లలో రేర్ ఎర్త్ మూలకాలున్న ఖనిజాలను గుర్తించారు. అవి ధార్వాడ్ ప్రాంతపు శిలలు, ప్రకాశం అతుకుతో వాటికి సంబంధం లేదు. కానీ రేర్ ఎర్త్‌లు చేరిన తీరును వివరించడానికి ఆ పుల్ల ఐసే చాలు. లాంథనం, సీరియం, నియోడిమియం వంటి పెద్ద అయాన్లు మామూలు ఖనిజాల్లో ఇమడవు, చివరి ద్రవం దాకా మిగిలి మోనజైట్, అలనైట్‌లలో చేరతాయి. అప్పటి వార్తల్లో నయోబియం, టాంటలం, జిర్కోనియంలను కూడా రేర్ ఎర్త్‌ల జాబితాలో కలిపేశారు. అవీ విలువైనవే, కానీ ఆ కుటుంబానివి కావు.

ఖనిజం కనిపించడం వేరు, గని తవ్వడం వేరు. ఎంత లోతు వరకు, ఎంత గాఢతలో ఉందో, ఆ ఖనిజం నుంచి మూలకాన్ని విడదీయడానికి ఎంత ఖర్చవుతుందో తేలాలి. ఇమడని మూలకాల గుంపులో థోరియం, యురేనియం కూడా ఉంటాయి. గ్రీన్‌లాండ్‌లోని క్వానెఫ్‌యెల్డ్‌లో ఇలాంటి క్షార శిలల్లోనే భారీ రేర్ ఎర్త్ నిక్షేపం ఉంది. వాటితో పాటే ఉన్న యురేనియం కారణంగా 2021లో అక్కడి పార్లమెంటు చేసిన చట్టంతో ఆ గని పని ఆగిపోయింది. అనంతపురంలో గుర్తించిన ఖనిజాల్లో థోరియం ఖనిజమైన థోరైట్ కూడా ఉంది. నిక్షేపం ఎంత లోతుకు దిగిందో తెలియాలంటే కనీసం కిలోమీటరు లోతున బోర్లు వేసి చూడాలని శాస్త్రవేత్తలు అప్పుడే చెప్పారు.