తెరిచి ఉంచిన గూడు తలుపు

పెరట్లో పది కోళ్ళున్న ఇల్లు గుడ్ల కోసం అంగడి ముఖం చూడనవసరం లేదు. అనుకోని అతిథి వచ్చినప్పుడు ఆదుకునేవి అవే. పిల్లల నోటు పుస్తకాలకో, పండుగ ఖర్చుకో ఇల్లాలి చేతిలో నాలుగు రూపాయలు ఆడేదీ వాటి వల్లనే. కనుక ఒక్క రాత్రిలో గూడు ఖాళీ అయితే ఆ నష్టం కోళ్ళతోనే ఆగదు. ఇంటివారు ఒకరినొకరు నిందించుకుంటారు, ఒక్కోసారి ఇరుగుపొరుగుతోనూ మాటలు తెగిపోతాయి. మా ఇంట జరిగింది అదే.

కొన్నేళ్ళ క్రితం ఎండాకాలంలో వచ్చిన రమజాన్ మాసమది. మామూలు రోజుల్లో మగ్రిబ్ అజాన్ వేళకు కోళ్ళు తమంతట తామే గూటికి చేరేవి. మాలో ఎవరో ఒకరు తలుపు మూసి గొళ్ళెం పెట్టేవారు. రమజాన్‌లో అదే ఇఫ్తార్ వేళ. దస్తర్‌ఖాన్ పరవడం, షర్బత్ కలపడం, ఉపవాసం విరమించి నమాజుకు లేవడం, ఆపై తరావీహ్. ఆ సాయంత్రం తలుపు ఇంకొకరు వేసి ఉంటారని ప్రతి ఒక్కరమూ అనుకున్నాము. సహరీకి లేచి పెరట్లోకి వెళ్ళిన అమ్మీ కేక విని పరుగెత్తాము. తొమ్మిది కోళ్ళలో నాలుగు మెడలు కొరకబడి చచ్చి పడి ఉన్నాయి. ఒకటి కొన ఊపిరితో కొట్టుకుంటోంది. మిగిలిన నాలుగు పై వాసానికి అతుక్కుపోయినట్లు నక్కి ఉన్నాయి.

తలుపు తెరిచి ఉంచింది మేమే. అయినా మా కోపం మా మీదికి మళ్ళలేదు, పొరుగింటి పిల్లి మీదికి మళ్ళింది. ఆ ఇంటి పెద్దాయన తాటిచెట్లెక్కే వృత్తిలో జీవితం గడిపినవాడు. ఆయన పిల్లి మా గోడ మీద తిరగడం అందరమూ చూసినదే. తెల్లవారేసరికి గోడకు అటూ ఇటూ అనరాని మాటలు నడిచాయి. చేప ముక్కలో ఎలుకల మందు కలిపి పెడదామని మాలో ఒకరు అననే అన్నారు. దాదీమా ఒప్పుకోలేదు. ఒక పిల్లిని కట్టివేసి, ఆకలితో మాడ్చి చంపిన కారణంగా శిక్షకు గురైన స్త్రీని గురించి బుఖారీ, ముస్లింలలో ఉన్న హదీసును గుర్తు చేసి, "నింద నిజమో కాదో తేలలేదు. నిజమైనా విషం పెట్టే హక్కు మీకెవరిచ్చారు?" అని అడిగారు. ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేకపోయింది.

మూడో రోజున ఆ పెద్దాయనే వచ్చారు. ఎవరితోనూ మాట్లాడకుండా గోడ వెంట నడిచి, వంటింటి కప్పు గోడను తాకే మూలన ఆగారు. అక్కడ ఎండిన మలం కుప్పగా ఉంది. పుల్లతో కదిపి చూపారు. దాని నిండా ఈత గింజలు. "సాయిబు గారూ, పిల్లి ఈతపళ్ళు తింటుందా?" అన్నారు. అది పునుగుపిల్లి పని. పగలంతా చెట్టు తొర్రల్లో, ఇళ్ళ కప్పుల సందుల్లో పడుకుని, రాత్రివేళ పళ్ళకూ, ఎలుకలకూ, అవకాశం చిక్కితే కోళ్ళకూ బయలుదేరే జంతువు. తాళ్ళ మీద దాన్ని ఎన్నిసార్లు చూశారో ఆయన చెబుతుంటే మేము తలలెత్తలేకపోయాము.

ఆ తరువాతే నష్టాన్ని చూసి ఎవరి పనో పోల్చుకోవడం కొంత నేర్చుకున్నాము. నిండు పగలు, ఆరుబయట, ఒక్క ఈక కూడా రాలకుండా పిల్ల మాయమైతే గద్దనో డేగనో అనుమానించాలి. కోళ్ళు చిందరవందరగా చీల్చబడి, తినకుండానే వదిలివేయబడి ఉంటే అది సాధారణంగా కుక్కల పని. ముంగిస పగటి జంతువు, మెడను, తలను పట్టుకుంటుంది, గుడ్లనూ వదలదు. గూడులో మన్ను తవ్విన బొరియ ఉండి చిన్న పిల్లలు రాత్రివేళ తగ్గుతూ వస్తే పందికొక్కు. పెంకు ముక్క కూడా మిగలకుండా గుడ్లు పోతుంటే జెర్రిపోతో నాగుపామో వచ్చి ఉండవచ్చు. అందుకే చీకట్లో గుడ్ల బుట్టలో చేయి పెట్టరాదు. దీపం వేసి చూడాలి, గుడ్లను పొద్దు వాలకముందే తీసివేయాలి. రాత్రి మేత నేల మీద మిగిలితే ఎలుకలు వస్తాయి, వాటి వెంట పాములు వస్తాయి. ఇంత చెప్పినా ఈ గుర్తులు ఒక్కోసారి మోసం చేస్తాయి. ఒకే గుర్తును పట్టుకుని ఎవరినీ నిందించకండి, మా అనుభవమే అందుకు సాక్ష్యం.

ఇంకొక సంగతి. ముంగిస, పునుగుపిల్లి, గద్ద, పాము మొదలైన వాటికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఇస్తోంది. వాటిని చంపడం, ఉచ్చులు పన్నడం నేరం. విషం సంగతి చెప్పనే అక్కరలేదు. అది ఎవరి కోసం పెట్టామో వారికే అందుతుందన్న హామీ లేదు. పెరట్లో ఆడుకునే పసివారూ, విషం తిన్న ఎలుకను ముట్టిన మన కోళ్ళూ అందులో పడవచ్చు.

చేయవలసినదంతా గూటి దగ్గరే ఉంది. మేము పాత గూటిని మూడడుగుల ఎత్తున దిమ్మె మీదికి మార్చి, అడుగున గచ్చు చేయించాము. బజారులో దొరికే పలుచని ఆరు మూలల జాలీ కోళ్ళు బయటికి పోకుండా ఆపుతుందే తప్ప కుక్క పంటికి ఆగదు. అరంగుళం కన్నున్న వెల్డ్‌మెష్ జాలీ ఖరీదైనా అదే బిగించాము. నేల మీద గూడు ఉన్నవారు జాలీని గోడ వెంట ఒక అడుగు లోతున పాతితే తవ్వే జంతువులు వెనుదిరుగుతాయి. కప్పుకూ గోడకూ మధ్య సందులను మరువకండి, మాకు దెబ్బ తగిలింది తలుపు వల్లనే అయినా ఆ జంతువు నడిచి వచ్చిన దారి కప్పు మీదుగానే. పిల్లలకు మొదటి ఐదారు వారాలు గంపే కోట, దాని మీద బరువైన రాయి పెట్టడం తప్పనిసరి. గద్దల బెడద ఉంటే పాత చేపల వలను పెరటి మూల మీదుగా కట్టవచ్చు. గోరింట పొద ఉన్నా చాలు, తల్లికోడి హెచ్చరిక వినగానే పిల్లలు దాని కిందికి దూరతాయి. రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం రూపొందించిన వనరాజా వంటి రంగు కోళ్ళు తెల్లకోళ్ళంత తేలికగా గద్ద కంట పడవని పెంపకందారులు చెబుతారు.

గాయాలేవీ లేకుండానే కోళ్ళు వరుసగా చనిపోతుంటే, మెడలు తిరిగిపోతూ పచ్చని విరేచనాలవుతుంటే అది వేటజంతువు పని కాదు. కొక్కెర తెగులు కావచ్చు, వెంటనే పశువైద్యునికి చూపాలి. మొదటి వారంలో వేసే చుక్కల మందూ, ఎనిమిదో వారం ప్రాంతంలో వేసే సూదీ దాన్ని చాలావరకు ఆపుతాయి.

ఆ ఉదయం కొన ఊపిరితో ఉన్న కోడి విషయంలో అబ్బా ఆలస్యం చేయలేదు. క్రూరమృగం కొరికి చంపినది నిషిద్ధమనీ, ప్రాణముండగానే జిబహ్ చేసినదానికి మినహాయింపు ఉందనీ దివ్యఖుర్ఆన్‌లోని అల్ మాయిదా సూరా 3వ ఆయత్ చెబుతోంది. ప్రాణం ఉందో లేదో అన్న సందేహం ఉన్నచోట ఆలిమ్‌ను అడగడమే క్షేమం. మా కోడి కాళ్ళు విదిలిస్తూనే ఉంది, జిబహ్ చేశారు. చచ్చిన నాలుగింటిని ఇంటికి దూరంగా, కుక్కలు తవ్వలేనంత లోతున, సున్నం చల్లి పూడ్చాము. ఆరుబయట పారవేస్తే అవి మళ్ళీ వేటజంతువులనే పిలుస్తాయి. సాయంత్రం ఇఫ్తార్ తరువాత ఆ కూరను ముట్టనిది మా ఇంట చిన్నపిల్ల ఒక్కతే. అది తను పేరు పెట్టి పెంచుకున్న పెట్ట. తినమని ఎవరమూ బలవంతం చేయలేదు, ఇంకోటి కొనిస్తామనీ అనలేదు. పూడ్చిన చోటికి తీసుకువెళ్ళి చూపమంటే చూపాము.

మిగిలిన నాలుగింటిలో ఒకదాని రెక్క చీలి ఉంది. ఉప్పునీటితో కడిగి, పసుపు అద్ది, ఈగలు వాలకుండా విడిగా ఉంచాము. రక్తం కనబడితే తోటి కోళ్ళే పొడుస్తాయి. భయపడిన పెట్టలు కొన్నాళ్ళు గుడ్లు మానివేయడం సహజం. మావి రెండు వారాలకు పైగా పెట్టలేదు. తిరిగి పెట్టిన మొదటి ఆరు గుడ్లను అమ్మీ పళ్ళెంలో పెట్టి పొరుగింటికి పంపారు. పెద్దాయన నాలుగు ఉంచుకుని, రెండు చిన్నపిల్ల చేతికే తిరిగి ఇచ్చి, "పొదగెయ్యండి" అన్నారట.

తలుపు వేసే పని ఇప్పుడు ఆ పిల్లదే. అజాన్ ముగిసేలోగా గొళ్ళెం చప్పుడు వినబడకపోతే ఇంట్లో ఎవరో ఒకరం లేచి చూస్తాము.