కారే సంపు లోపలికీ కారుతుంది

ఇంట్లో నీళ్ల ట్యాంకు కారుతోందని తెలిస్తే మనం ముందుగా లెక్కేసుకునేది పోయిన నీళ్లను, పెరిగిన కరెంటు బిల్లును. ఆ తర్వాత గోడకు పట్టిన చెమ్మ, ఊడిపోయిన సున్నం గుర్తొస్తాయి. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా, అటు బొల్లారం, ఖాజీపల్లి వైపు ఉన్న ఇళ్లకు ఈ లెక్క చాలదు. ఇక్కడి నేలలో ఉన్న నీళ్లు వేరు. భూమిలో కట్టిన సంపుకు పగులు వస్తే మన నీళ్లు బయటికి పోవడంతో ఆగదు, నేలలోని నీళ్లు మన సంపులోకి వస్తాయి. కాబట్టి ఈ ప్రాంతంలో సంపు మరమ్మతు నీటి పొదుపు కోసమో గోడల అందం కోసమో చేసుకునే పని కాదనీ, తాగునీటిని కాపాడుకునే పనిగా దాన్ని ఇంటి ఖర్చుల్లో ముందు వరుసలో పెట్టుకోవాలనీ నా వాదన.

ఎందుకంటున్నానో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1970ల్లో పటాన్‌చెరులో మొదలైన పారిశ్రామికవాడ తర్వాతి ఏళ్లలో బొల్లారం, పాశమైలారం, గడ్డపోతారం, బొంతపల్లి వరకు పాకింది. మందుల ముడిసరుకు తయారుచేసే కంపెనీలు ఇక్కడ పెద్ద సంఖ్యలో వచ్చాయి. వాటి వ్యర్థజలాలు ఏళ్ల తరబడి చెరువుల్లో, నక్కవాగులో కలిశాయి, అక్కడి నుంచి బావుల్లోకి, బోర్లలోకి దిగాయి. 1990లో ఈ వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. పటాన్‌చెరులో వైద్యం చేస్తూనే డాక్టర్ అల్లాని కిషన్‌రావు లాంటివారు దశాబ్దాలపాటు దీనిమీద పోరాడారు. పంట నష్టపోయిన రైతులకు పరిహారం, బావులు పాడైన ఊళ్లకు బయటి నుంచి తాగునీళ్లు అనేవి ఆ పోరాటం వల్ల, కోర్టుల జోక్యం వల్ల వచ్చినవే. 2007లో వెలువడిన అధ్యయనం కోసం స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన యోకిమ్ లార్సన్ బృందం ఇక్కడి కంపెనీల ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి బయటికి వదిలే నీటిని పరీక్షించింది. శుద్ధి చేసిన తర్వాత కూడా ఆ నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా కనిపించింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. 2009లో వెలువడిన మరో అధ్యయనం చుట్టుపక్కల ఊళ్ల బావుల్లోనూ మందుల ఆనవాళ్లు ఉన్నాయని తేల్చింది. అదే ఏడాది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వేసిన సూచీలో పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతానికి 70.07 వచ్చింది. 70 దాటితే తీవ్ర కాలుష్య ప్రాంతం కిందే లెక్క.

ఆ తర్వాత పరిస్థితి ఉన్నచోటే ఉండిపోలేదు. పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నీళ్లను 18 కిలోమీటర్ల పైపులైనుకు ఎక్కించి అంబర్‌పేట వైపు మళ్లించారు. ప్రతి ఇంటి కిందా ఫ్యాక్టరీ నీళ్లే ఉన్నాయని నేననడం లేదు. నిజానికి చాలా వీధుల్లో సంపుకు దగ్గరగా ఉన్న ప్రమాదం పక్కింటి సెప్టిక్ ట్యాంకు, ముందున్న మురికి కాలువ. కానీ నేలలోకి దిగిన రసాయనం వాగులో నీళ్లలా ఒక్క వరదకు కొట్టుకుపోదు. రాతి పగుళ్లలో, మట్టిలో ఏళ్లకేళ్లు నిలిచి ఉంటుంది. మన ఇంటి కింద ఏముందో పరీక్ష చేయించనిదే చెప్పలేం. తెలియని నీళ్లకూ తాగే నీళ్లకూ మధ్య ఉన్నది నాలుగున్నర అంగుళాల ఇటుక గోడో, పల్చటి కాంక్రీటు గోడో మాత్రమే అయినప్పుడు ఆ గోడ మీద శ్రద్ధ పెట్టడం అతి జాగ్రత్త అనిపించుకోదు.

బయటి నీళ్లు లోపలికి ఎలా వస్తాయి? సంపు నిండుగా ఉన్నప్పుడు లోపలి నీటిమట్టం ఎక్కువ, బయట మట్టిలో తేమ తక్కువ. అప్పుడు నీళ్లు బయటికే పోతాయి. రోజు విడిచి రోజు నల్లా వచ్చే కాలనీలో రెండో రోజు మధ్యాహ్నానికి సంపు అడుగంటుతుంది. అది వానాకాలమైతే చుట్టూ మట్టి నానిపోయి ఉంటుంది, బయటి నీటిమట్టం సంపు అడుగు కంటే ఎత్తున ఉండొచ్చు. నిన్న నీళ్లను బయటికి పంపిన పగులే ఈరోజు బయటి నీళ్లను లోపలికి తెస్తుంది. మళ్లీ నల్లా రాగానే ఆ మురికి పలచబడి, కంటికి కనపడకుండా కలిసిపోతుంది. నీళ్లు రాని వేళల్లో సరఫరా పైపుల్లో ఒత్తిడి తగ్గి, అతుకుల దగ్గర మురుగు లోపలికి పీల్చుకోవడం గురించి అందరూ మాట్లాడతారు. అదే పని మన ఇంటి గేటు లోపల, మనం కట్టించుకున్న సంపులో జరుగుతుంటే మాత్రం పట్టించుకోం.

సంపు పగలడానికి ఈ ప్రాంతంలో కారణాలు కూడా గట్టివే. అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1972లో పటాన్‌చెరులో ఏర్పడింది. దాని ప్రాంగణం లోపలే ఎర్ర చెల్కా ఉంది, నల్లరేగడీ ఉంది. పరిశోధనకు అది వరమైంది కానీ ఇల్లు కట్టేవాడికి హెచ్చరిక. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. ఏటా ఒకసారి గోడను లోపలికి నెట్టి, ఒకసారి వదిలేస్తుంది. కడ్డీ లేకుండా ఇటుకతో లేపి లోపల సిమెంటు పూసిన సంపు ఆ ఒత్తిడిని ఎన్నో ఏళ్లు తట్టుకోదు. రెండో కారణం, కాంక్రీటు కలిపే నీళ్లు. ఇంటి పని మొదలయ్యేది బోరు వేయడంతోనే కాబట్టి ఆ బోరు నీళ్లనే సిమెంటులో పోస్తారు. కడ్డీలున్న కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదని భారత ప్రమాణం ఐఎస్ 456 చెబుతోంది. ఉప్పు మోతాదు ఎక్కువున్న బోరు నీళ్లతో కలిపితే కడ్డీకి తుప్పు మనమే పోసినట్టు. నేలలో సల్ఫేట్లు ఎక్కువుంటే అవి బయటి వైపు నుంచి సిమెంటును ఉబ్బించి పొడి చేస్తాయి. వీటికి తోడు మేస్త్రీ తొందర. సిమెంటు పనికి కనీసం వారం, ఇప్పుడు ఎక్కువగా దొరికే బూడిద కలిసిన సిమెంటుకైతే పది రోజులు తడి ఆరకుండా చూడాలి. మూడో రోజే తడపడం ఆపేసిన సంపులో సన్నటి పగుళ్లు అప్పుడే పుడతాయి.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం నాకు తెలుసు. ఇప్పుడు మంజీర నీళ్లో మిషన్ భగీరథ నీళ్లో ఇంటికే వస్తున్నాయి, బోరు నీళ్లు ఎవరు తాగుతున్నారని అడుగుతారు. నిజమే. సింగూరు నుంచో గోదావరి నుంచో అంత దూరం తెచ్చి, శుద్ధి చేసి, క్లోరిన్ కలిపి ఇస్తున్నది ఇక్కడి భూగర్భజలం నుంచి మనల్ని తప్పించడానికి కూడా. ఆ నీళ్లను తెచ్చి పగిలిన సంపులో పోస్తే అంత ఖర్చూ చివరి పది అడుగుల్లో వృథా. రెండో అభ్యంతరం, తాగడానికి క్యాన్ తెప్పించుకుంటాం లేదా ఇంట్లో ఫిల్టరు ఉంది, సంపు నీళ్లు వాడకానికే అని. ఆ వాడకంలో ఏమున్నాయో చూడండి. పళ్లు తోముకోవడం, కూరగాయలు, బియ్యం కడగడం, గిన్నెలు, పసిపిల్లల స్నానం. అదీ కాక ఇస్నాపూర్, పాశమైలారం, బొల్లారం ప్రాంతాల్లో వరస గదుల్లో అద్దెకుండే కార్మికుల సంగతి వేరు. బిహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చి పదిమంది ఒకే నల్లా దగ్గర బిందె పట్టుకునే చోట ఫిల్టరు మాట ఎత్తడం న్యాయం కాదు. మరిగిస్తే సరిపోతుందనేవారూ ఉన్నారు. మరిగిస్తే క్రిములు చస్తాయి, నీటిలో కరిగిన లవణాలు, లోహాలు పోవు. నీళ్లు ఆవిరైన కొద్దీ వాటి గాఢత ఇంకా పెరుగుతుంది.

సంపు కారుతోందో లేదో తెలుసుకోవడానికి పెద్ద యంత్రాలేవీ అక్కర్లేదు. రాత్రి పడుకునే ముందు నల్లా వాల్వు కట్టేసి, మోటారు ఆపి, లోపలి గోడ మీద నీటిమట్టం దగ్గర సుద్దతో గీత పెట్టాలి. మూత వేసిన సంపులో రాత్రికి రాత్రి ఆవిరయ్యేది దాదాపు ఏమీ ఉండదు. పొద్దున మట్టం తగ్గితే కారుతున్నట్టే. రెండు మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పున్న సంపులో ఒక్క సెంటీమీటరు తగ్గిందంటే 30 లీటర్లు పోయినట్టు. మిషన్ భగీరథలో పల్లె మనిషికి రోజుకు 100 లీటర్లని లెక్క పెట్టారు, అందులో దాదాపు మూడో వంతు. ఇది సగం పరీక్షే. మిగతా సగాన్ని దాదాపు ఎవరూ చేయరు. గట్టి వాన పడ్డ మర్నాడు సంపును అడుగు దాకా తోడేసి, రెండు మూడు గంటలు ఆగి, టార్చి వేసి గోడలు చూడాలి. ఎక్కడైనా చెమ్మ మెరిసినా, సన్నగా ధార దిగినా లోపలికి వచ్చే దారి అదే. నీటిలోని లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు తక్కువ ధరకే దొరుకుతుంది. నల్లా దగ్గరి నీళ్లకూ సంపు నీళ్లకూ రీడింగు తేడా బాగా ఉంటే బయటి నీళ్లు కలుస్తున్నాయని అనుమానించాలి. అయితే చాలా ఇళ్లలో బోరు నీళ్లూ నల్లా నీళ్లూ ఒకే సంపులోకి వదులుతారు. అలా చేస్తే ఈ పరీక్షకు అర్థం ఉండదు. అసలు కష్టపడి తెచ్చిన మంచినీళ్లను మన చేతులతోనే చెడగొట్టుకున్నట్టు. రెండింటికీ వేర్వేరు ట్యాంకులు పెట్టుకోవడం ఈ ప్రాంతంలో తప్పనిసరి అని నా అభిప్రాయం. క్రిముల సంగతి తెలుసుకోవడానికి హైడ్రోజన్ సల్ఫైడ్ సీసా పరీక్ష ఉంది. నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే, మలంతో కలుషితమైన నీళ్లయితే సీసా నల్లబడుతుంది.

మరమ్మతులో మనవాళ్లు తరచూ చేసే పొరపాటు, చెమ్మ కనిపించిన వైపు పూత పూయడం. నీళ్లున్న వైపు నుంచి ఆపితేనే నీళ్లు ఆగుతాయి, నీళ్ల ఒత్తిడే పూతను గోడకు అదిమి పెడుతుంది. అవతలి వైపు పూస్తే అదే ఒత్తిడి పూతను ఊడగొడుతుంది. సంపు విషయంలో చిక్కేమిటంటే దానికి రెండు వైపులా నీళ్లే. కాబట్టి పగులును ముందు ఉలితో కోసి వెడల్పు చేసి, కుంచించుకుపోని సిమెంటు మిశ్రమంతో నింపాలి. గోడా అడుగూ కలిసే మూలలను గుండ్రంగా తీర్చాలి. పైపు గోడలోంచి వచ్చే చోటును విడిగా, జాగ్రత్తగా మూయాలి, ఎక్కువ లీకులు అక్కడే. ఆ తర్వాత తాగునీటి ట్యాంకులకు పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్న వాటర్‌ప్రూఫ్ పూతను రెండు పొరలు వేయాలి. ఉత్త సిమెంటు పాలు పూయడం ఒక్క ఎండాకాలానికే సరి. ప్లాస్టిక్ ట్యాంకు తెచ్చి గోతిలో దింపితే గొడవే ఉండదు కదా అని కొందరంటారు. డాబా మీద పెట్టే ట్యాంకు మట్టి ఒత్తిడికి తయారైంది కాదు, గోడలు లోపలికి నొక్కుకుపోతాయి. భూమిలో పెట్టడానికే చేసిన రకం అయినా, నేల నానినప్పుడు ఖాళీగా ఉంటే పైకి తేలుతుంది. వెయ్యి లీటర్ల ట్యాంకును దాదాపు టన్ను బరువుతో నీళ్లు పైకి నెడతాయి. అడుగున కాంక్రీటు వేసి కట్టి ఉంచితేనే నిలుస్తుంది.

డాబా మీది ట్యాంకు ప్రమాదం వేరే రకం. మనుషులు ఎక్కి దిగే డాబా చదరపు మీటరుకు 150 కిలోల బరువు మోసేలా కడతారు. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే ఇంచుమించు అంతే చోటులో టన్ను బరువు కూర్చుంటుంది. దాన్ని స్తంభాల మీదో దూలాల మీదో కాక స్లాబు నడుమ పెడితే స్లాబు వంగి అడుగున వెంట్రుకంత పగుళ్లు పడతాయి. పైన నీళ్లు కారుతున్నాయంటే ఆ పగుళ్ల గుండా కడ్డీకి చేరతాయి. తుప్పు పట్టిన ఇనుము పరిమాణం రెండు రెట్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పెరిగి చుట్టూ ఉన్న కాంక్రీటును పెచ్చులుగా ఊడగొడుతుంది. ఇక్కడి బోరు నీళ్లు సున్నం ఎక్కువున్న గట్టి నీళ్లు కాబట్టి ఫ్లోట్ వాల్వుకు తెల్లటి పొర కడుతుంది, బాలు పైకి లేచినా నీళ్లు ఆగవు. ట్యాంకుకు చిల్లు లేకపోయినా రోజూ పొర్లి స్లాబును నానబెడుతుంది. రెండు నెలలకోసారి ఆ వాల్వును విప్పి నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో నానబెడితే చాలు, ఖర్చు దాదాపు సున్నా. పొర్లే నీళ్లకు పైపు పెట్టి కిందికి దింపడం, ట్యాంకు కింద ఖాళీ ఉండేలా దిమ్మె కట్టడం కొత్త ఇంటికి ముందే చేయించుకోవాల్సినవి.

చివరికి ఖర్చు ఎవరిదనే ప్రశ్న మిగులుతుంది. సంపును చూసే అధికారి ఎవరూ లేరు. 2020లో తెలంగాణ తెచ్చిన భవన అనుమతుల చట్టంలో చిన్న ఇళ్లకు యజమాని స్వీయ ధ్రువీకరణే ఆధారం. ప్లానులో సంపు గీత ఉంటుంది తప్ప అది నీళ్లు నిలుపుతుందో లేదో ఎవరూ పరీక్షించరు. అద్దె గదులున్నచోట సంపు మూత కూడా యజమాని తాళంలోనే ఉంటుంది, అద్దెకున్నవారికి లోపల ఏముందో చూసే వీలే లేదు. కాబట్టి బాధ్యత యజమానిదే. గ్రామ పంచాయతీలు, మున్సిపాలిటీలు నల్లా కనెక్షన్ ఇచ్చేటప్పుడు సంపు మట్టం పరీక్షను షరతుగా పెడితే కొత్త ఖర్చేమీ కాదు, ఒక రాత్రి, ఒక సుద్దముక్క చాలు. పాత సంపులకు మే నెలే సరైన సమయం. అప్పుడు నల్లరేగడిలో నెర్రెలు బాగా తెరుచుకుని పగులు ఎక్కడుందో కనిపిస్తుంది, గోడలు పూర్తిగా ఆరతాయి, పూత పట్టుకుంటుంది. పూత గట్టిపడ్డాక సంపు నింపి మట్టం పరీక్ష ఇంకోసారి చేయడానికి మృగశిర కార్తె దాకా వ్యవధి దొరుకుతుంది.